టీడీఎస్ కట్ అయింది కదా అనుకున్నాను

ఉద్యోగం మానేసి సొంతంగా పని చేసుకునేవాళ్లు పన్ను విషయంలో దెబ్బ తినేది, నేను చూసినంతలో, మొదటి ఏడాది కాదు. రెండో ఏడాది. మొదటి ఏడాది రాబడి తక్కువ, భయం ఎక్కువ. నలుగురిని అడిగి, అన్నీ సరిచూసుకుని రిటర్న్ వేస్తాం. రెండో ఏడాదికి చేతినిండా పని ఉంటుంది, అంతా తెలిసిపోయిందన్న ధైర్యమూ వస్తుంది. నా విషయంలో అదే జరిగింది.

నేను అనువాదాలు చేస్తాను. విజయవాడలో ఒక పత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, 2022లో మానేశాను. అప్పటినుంచి ఇంటి దగ్గరే పని. కంపెనీల శిక్షణ పాఠాలు, యంత్రాలతోపాటు ఇచ్చే సూచనల పుస్తకాలు, సినిమాలకు సబ్‌టైటిళ్లు, అప్పుడప్పుడూ ఒక పుస్తకం. డెస్కులో ఉన్నన్నాళ్లూ పన్నంటే నాకు తెలిసింది మూడు పనులు: జనవరిలో ఎల్ఐసీ రసీదులు, లోను కాగితాలు అకౌంట్స్ వాళ్లకివ్వడం, జూన్‌లో ఫారం 16 తీసుకోవడం, జులైలో రిటర్న్ వేయడం. మధ్యలో నెలనెలా ఒకరు కూర్చుని, నా ఏడాది జీతం ఎంత, మినహాయింపులు ఎంత, పన్ను ఎంత అని లెక్కగట్టి పన్నెండు భాగాలు చేసి కోస్తున్నారని ఏనాడూ ఆలోచించలేదు. ఆ లెక్క ఇక నేనే చేసుకోవాలన్న సంగతి ఉద్యోగం మానేసిన రోజున అసలు తట్టలేదు.

మొదటి ఏడాది, అంటే 2022-23లో, నన్ను తప్పుదోవ పట్టించింది రిఫండు. నాకు పనిచ్చే కంపెనీలు బిల్లు మీద పది శాతం టీడీఎస్ కోసుకుని మిగతాది వేసేవి. వృత్తి నిపుణుల ఫీజు మీద సెక్షన్ 194జె కింద కోత అది. ఆ ఏడాది నా రాబడి తక్కువ కావడంతో కట్టాల్సిన పన్ను కన్నా కోసిందే ఎక్కువైంది. రిటర్న్ వేశాక కొంత సొమ్ము వెనక్కి వచ్చింది. దాంతో నాకొక నమ్మకం కుదిరింది: పది శాతం ముందే పోతోంది కాబట్టి నా పన్ను కట్టేసినట్టే, పైగా ఎక్కువే కడుతున్నాను. ఎవరైనా అడిగితే “టీడీఎస్ కట్ అవుతుంది కదండీ” అని ధీమాగా చెప్పేదాన్ని. ఈ మాట ఇప్పటికీ ఎంతోమంది నోట వింటున్నాను. వినగానే గుండె కలుక్కుమంటుంది.

టీడీఎస్ అనేది మన పన్ను కాదు. మన పన్నులో ఎవరో ముందుగా జమచేసిన కొంత భాగం. ఆ కోతకు మన మొత్తం ఆదాయం ఎంతో తెలియదు, మనం ఏ శ్లాబులో ఉన్నామో తెలియదు. పైగా అందరూ కోయరు. అప్పట్లో ఒక సంస్థ ఏడాదికి ఇచ్చేది 30 వేలు దాటితేనే కోత (2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 50 వేలు అయింది). చిన్న ప్రచురణకర్తలు ఆ పరిమితి లోపే ఇస్తారు. విదేశీ ఏజెన్సీలు మన టీడీఎస్ కోయవు. అలా వచ్చిన డబ్బు ఎక్కడా తరుగు లేకుండా నిండుగా ఖాతాలో పడుతుంది. నిండుగా పడింది కాబట్టి అంతా మనదే అనిపిస్తుంది.

2023-24లో నా పని ఒక్కసారిగా పెరిగింది. అర్థం కావడం కోసం అంకెలు గుండ్రంగా చెబుతాను. ఖర్చులు పోను ఆదాయం 12 లక్షలు. ఆ ఏటి కొత్త విధానం శ్లాబుల ప్రకారం, సెస్సుతో కలిపి పన్ను రూ.93,600. టీడీఎస్ కోసే సంస్థల నుంచి వచ్చింది 4 లక్షలే కాబట్టి అక్కడ జమైంది రూ.40,000. మిగిలిన రూ.53,600 నేను కట్టాలి. అదీ జులైలో రిటర్న్‌తో పాటు కాదు, ఆ ఏడాది నడుస్తుండగానే.

దీన్నే అడ్వాన్స్ ట్యాక్స్ అంటారు. టీడీఎస్ పోగా కట్టాల్సిన పన్ను 10 వేలు, ఆ పైన ఉంటే ఇది వర్తిస్తుంది. జూన్ 15 లోపు 15 శాతం, సెప్టెంబరు 15కి మొత్తం 45 శాతం, డిసెంబరు 15కి 75 శాతం, మార్చి 15కి నూరు శాతం చేరాలి. నాకు ఈ సంగతి బొత్తిగా తెలియదని కాదు. పత్రికలో పనిచేసినదాన్ని, ఆ తేదీల గురించి వార్తలు దిద్దినదాన్ని. అవి వ్యాపారస్తుల తేదీలని అనుకున్నాను, అంతే.

మధ్యలో మా పిన్ని కొడుకు ఒక మాట చెప్పాడు. వాడు సినిమాల్లో కెమెరామన్. “అక్కా, జూన్, సెప్టెంబరు అని నాలుగుసార్లు ఎందుకు? మార్చి 15న ఒకేసారి కట్టేస్తే చాలు. నేను అలాగే కడతాను” అన్నాడు. వాడు చెప్పింది నిజమే, వాడి వరకు. సెక్షన్ 44ఏడీఏ కింద కొన్ని వృత్తులవాళ్లు రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టొచ్చు. అలా చూపించేవాళ్లకు అడ్వాన్స్ ట్యాక్స్ ఒకే వాయిదా, మార్చి 15. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, సినిమా కళాకారులు ఆ జాబితాలో ఉన్నారు. సినిమా కళాకారులంటే నటులే కాదు, కెమెరామన్, ఎడిటర్, పాటల రచయిత, మాటల రచయిత కూడా. అనువాదం ఆ జాబితాలో లేదు. సినిమాలకు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను కాబట్టి నేనూ అందులోకే వస్తానని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. వాడి గడువును నా గడువుగా పెట్టుకుని జూన్, సెప్టెంబరు, డిసెంబరు వదిలేశాను.

సరే, మార్చి 15కైనా కట్టానా అంటే, అదీ లేదు. ఫోన్లో అలారం పెట్టుకున్నాను. అది మోగింది. నేను మర్చిపోలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ఒక్క సంగతే. గడువు దాటిపోయిందని ఎవరైనా అంటే “గుర్తుపెట్టుకోవాల్సింది” అంటాం, యాప్‌లు చెబుతాం, క్యాలెండర్లు చెబుతాం. నాకు తేదీ గుర్తుంది. ఆ తేదీన కట్టడానికి డబ్బు లేదు. అంతకుముందే అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాం, డాబా కారుతోంటే బాగు చేయించాం. అవన్నీ తప్పనిసరి ఖర్చులే, అప్పటికి ఖాతాలో డబ్బుంది కూడా. అందులో కొంత నాది కాదన్న సంగతి ఆ ఖాతా నాకు చెప్పలేదు. రెండు పెద్ద బిల్లుల సొమ్ము ఏప్రిల్లో వస్తుంది, అప్పుడు కట్టేద్దాం అనుకున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి అది పాత ఏటి పన్ను, జులైలో రిటర్న్‌తో కలిపి కడదాం అనుకున్నాను.

జులై 31 కూడా దాటిపోయింది. దానికి నేను అప్పట్లో చెప్పుకున్న కారణం, ఒక సంస్థ నా బిల్లులో టీడీఎస్ కోసింది గానీ, మన పేరన జమైన టీడీఎస్ చూపించే ఫారం 26ఏఎస్‌లో అది కనిపించలేదు. వాళ్లకు మెయిల్ పెడితే “చూస్తాం మేడమ్” అన్నారు. అది వచ్చాకే రిటర్న్ వేయాలని పట్టుబట్టి కూర్చున్నాను. అసలు కారణం మాత్రం వేరు. నా లెక్కలు నా దగ్గర లేవు. బిల్లులు కొన్ని మెయిల్లో, కొన్ని వాట్సాప్‌లో, కొన్ని ల్యాప్‌టాప్‌లో ఏ నెలవో తెలియని పేర్లతో ఉన్నాయి. ఏడాది మొత్తం బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని ఏ జమ ఏ పనిదో వెతకాలంటే మనసొప్పేది కాదు. ఆ టీడీఎస్ సాకు దొరికింది.

సెప్టెంబరులో గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, నెమ్మదస్తుడు. నేను తెచ్చిన కాగితాలన్నీ చూసి, “ఆ టీడీఎస్ కోసం ఆగకూడదమ్మా. ఉన్నదానితో జులైలో వేసేసి, అది వచ్చాక డిసెంబరు లోపు రివైజ్ చేసుకోవచ్చు కదా” అన్నారు. తర్వాత హోమ్ లోను కాగితం చేతిలోకి తీసుకుని అడిగారు: “పాత విధానమేనా మీది?”

“అవునండీ. ఎప్పుడూ అదే.”

“ఫారం 10-ఐఈఏ వేశారా?”

ఆ పేరు నేను అప్పుడే విన్నాను.

2023-24 నుంచి కొత్త పన్ను విధానమే అందరికీ మామూలు విధానమైంది. జీతం మీద బతికేవాళ్లు పాతది కావాలంటే, గడువులోపు వేసే రిటర్న్‌లోనే ఎంచుకోవచ్చు. వ్యాపారం, వృత్తి మీద ఆదాయం ఉన్నవాళ్లకు అలా కుదరదు. రిటర్న్ గడువులోపు ఈ ఫారం వేయాలి. గడువు దాటితే ఆ ఏటికి పాత విధానం తలుపు మూసుకుపోయినట్టే. ఒకసారి పాతదానిలోకి వెళ్లి కొత్తదానికి తిరిగొస్తే, ఆ రకం ఆదాయం ఉన్నన్నాళ్లూ మళ్లీ పాతదానికి వెళ్లే వీలు కూడా ఉండదు. అంతకుముందు ఏడాది పాత విధానమే మామూలు కాబట్టి ఏ ఫారమూ లేకుండా నా పని జరిగిపోయింది. ఈ ఏడూ అంతే అనుకున్నాను.

నా లెక్కలో దాని ఖరీదు ఇది. ఇంటి లోను వడ్డీ 2 లక్షలు, 80సి కింద లక్షన్నర, ఆరోగ్య బీమా 25 వేలు తీసేస్తే పాత విధానంలో పన్ను రూ.80,600 అయ్యేది. కొత్తదానిలో రూ.93,600. ఒక్క ఫారం గడువు దాటినందుకు 13 వేలు. ఇక వడ్డీలు. వాయిదాలు కట్టనందుకు 234సి కింద రూ.2,705. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు ఒక శాతం చొప్పున 234బి కింద రూ.3,216. రిటర్న్ ఆలస్యానికి 234ఎ కింద రెండు నెలలకు రూ.1,072. ఆలస్య రుసుము 234ఎఫ్ కింద రూ.5,000. అన్నీ కలిపితే దాదాపు 25 వేలు. సబ్‌టైటిళ్ల పనిలో అది ఎన్ని రాత్రుల కష్టమో ఆ పని చేసేవాళ్లకు తెలుసు.

వడ్డీ చూసి ఆడిటర్ గారు పెద్దగా బాధపడలేదు. నెలకు ఒక శాతం, అదీ బారువడ్డీ, ప్రైవేటు అప్పుతో పోలిస్తే తక్కువే అన్నారు. ఆయనకు బాధ కలిగించింది ఆ ఫారం. “డబ్బు ఆలస్యమైతే వడ్డీతో పోతుంది. హక్కు పోతే ఏం కట్టినా తిరిగి రాదమ్మా” అన్నారు. గడువుల్ని నేను అప్పటిదాకా అలా రెండు రకాలుగా చూడలేదు. వృత్తిలో నష్టం వచ్చిన ఏడాది కూడా ఇంతే. రిటర్న్ గడువులోపు వేస్తేనే ఆ నష్టాన్ని తర్వాతి ఏళ్ల ఆదాయంలో సర్దుకోనిస్తారు. ఈ ఏడాది రాబడేం లేదు కదా, నిదానంగా వేద్దాంలే అనుకునేవాళ్లు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి.

అప్పటినుంచి నేను మార్చుకున్న వాటిల్లో అన్నిటికంటే పనికొచ్చింది రెండో బ్యాంకు ఖాతా. మా అమ్మ జీతం రోజున పాల డబ్బులు, పేపరు డబ్బులు వేరే డబ్బాలో పెట్టేసేది, మిగిలినదే ఇంటి ఖర్చుకు. నేనూ అంతే. బిల్లు సొమ్ము పడిన రోజే కొంత ఆ ఖాతాలోకి మార్చేస్తాను. ఎంత అనేదానికి పెద్ద లెక్క లేదు. కిందటేడు మొత్తం పన్నును మొత్తం రాబడితో భాగిస్తే వచ్చే శాతం, దానికి పైన రెండు మూడు శాతం. టీడీఎస్ కోసి ఇచ్చిన బిల్లయితే ఆ మేరకు తగ్గిస్తాను. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు లేదు, ఫోన్లో యూపీఐకి కలపలేదు. ఇంట్లో కూడా చెప్పాను. ఒకసారి మావారు బండి రిపేరుకని “అందులోంచి తియ్యి, వచ్చే నెల వేసేద్దాం” అన్నారు. “అది మనది కాదండీ” అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

రెండోది, ఒక షీటు. బిల్లు తేదీ, ఎవరికి, ఎంత, టీడీఎస్ ఎంత, సొమ్ము ఎప్పుడు పడింది, పక్కన ఎంత పెట్టాను. బిల్లు పంపగానే ఒక వరుస నింపుతాను. ఇందులో మార్చి బిల్లుల దగ్గర నాకు చాలాకాలం తికమక ఉండేది. మార్చిలో బిల్లు పంపితే కంపెనీ తన పుస్తకాల్లో మార్చిలోనే రాసుకుని టీడీఎస్ కూడా ఆ ఏటికే జమ చేస్తుంది. డబ్బు మనకు మేలోనో జూన్లోనో వస్తుంది. డబ్బు వచ్చినప్పుడే ఆదాయం అని నేను రాసుకుంటాను. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఏఐఎస్‌లో మాత్రం అది పాత ఏటి కింద కనిపిస్తుంది. బిల్లు తేదీ, సొమ్ము పడిన తేదీ రెండూ రాసుంటేనే ఆ తేడా ఎక్కడిదో తేలుతుంది. ఏ పద్ధతిన రాసుకున్నా ఏటేటా అదే పద్ధతి పాటించాలని ఆడిటర్ గారు గట్టిగా చెప్పారు.

టీడీఎస్ కనిపించకపోతే జులైలో కాదు, అప్పుడే అడగాలి. కంపెనీలు తమ టీడీఎస్ రిటర్నులు మూడు నెలలకొకసారి వేస్తాయి: జులై 31, అక్టోబరు 31, జనవరి 31, ఆఖరి మూడు నెలలవి మే 31. ఆ తర్వాత రెండు వారాలాగి 26ఏఎస్ తెరిచి నా షీటుతో సరిచూస్తాను. మూడు నెలల నాటి బిల్లయితే వాళ్ల అకౌంట్స్‌లో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది. ఏడాది గడిచాక అడిగితే ఆ మనిషే అక్కడ ఉండకపోవచ్చు. పాన్ నంబరులో ఒక అక్షరం తప్పు కొట్టి నా సొమ్ము ఇంకెవరి పేరనో జమైన సందర్భం ఇలాగే బయటపడింది, మెయిల్ పెడితే సరిచేశారు.

వాయిదాల లెక్క ఆ నెల పదో తేదీకల్లా చేసేస్తాను, పదిహేను దాకా ఆగను. కట్టేటప్పుడు ఒక్క చోట కళ్లు పెట్టి చూస్తాను. ఇ-పే ట్యాక్స్‌లో అసెస్‌మెంట్ ఇయర్ అడుగుతుంది. 2024 డిసెంబరులో కట్టే అడ్వాన్స్ ట్యాక్స్‌కు అక్కడ 2025-26 ఎంచుకోవాలి. 2024-25 అని నొక్కితే సొమ్ము పాత ఏటికి పోతుంది, ఈ ఏటి వాయిదా కట్టనట్టే ఉంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఆర్థిక సంవత్సరం, అసెస్‌మెంట్ ఇయర్ అనే ఈ రెండేళ్ల గోల తీసేసి ‘పన్ను సంవత్సరం’ అని ఒక్కటే పెట్టారు. ఎన్నాళ్లనుంచో కావలసిన మార్పు అది. రిటర్న్ వేశాక ఇ-వెరిఫై చేయడం కూడా పనిలో భాగమే. 30 రోజుల్లోపు చేయకపోతే, చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్కగడతారు. జులైలో వేసి సెప్టెంబరులో వెరిఫై చేస్తే గడువు దాటినట్టే.

జీఎస్టీ నాకు వర్తించలేదు, సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు రాబడి కాబట్టి. రిజిస్ట్రేషన్ తీసుకున్నవాళ్లు మాత్రం పని లేని నెలలో కూడా నిల్ రిటర్న్ వేయాలి. లేకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున పడుతుంది. అడిగితే ఎవరైనా చెప్పే సంగతే, కానీ ఎవరూ అడగరు.

గడువు పెంచినప్పుడు ఊపిరి పీల్చుకోవడం మంచిది కాదు. 2025లో జులై 31 గడువును సెప్టెంబరు 15కు పెంచారు, ఆఖరున ఇంకో రోజిచ్చారు. అది రిటర్న్‌కు ఇచ్చిన గడువు. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనివాళ్లకు 234బి వడ్డీ ఏప్రిల్ నుంచి నడుస్తూనే ఉంది. ఆ వేసవిలో నా తోటి అనువాదకుల్లో చాలామంది సంతోషించారు. వాళ్లలో ఇద్దరికి ఫోన్ చేసి కట్టించాను.

2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్ను సున్నా అయింది. నాలాంటివాళ్లకు ఇది నిజంగా పెద్ద ఊరట. అయినా కోసిన టీడీఎస్ తిరిగి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే. పైగా ఆ 12 లక్షల గీత దగ్గర ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. డిసెంబరు దాకా 12 లోపే ఉంటాం అనుకుంటాం. ఫిబ్రవరిలో ఒక మంచి పని వచ్చి ఆదాయం 13 లక్షలైతే పన్ను సెస్సుతో రూ.78,000. అలా అని వచ్చిన పని వదులుకోనక్కర్లేదు. ఆ బిల్లు సొమ్ము ఖాతాలో పడిన రోజే లెక్క మళ్లీ చేసి, మార్చి 15లోపు కట్టేస్తే చాలు.

ఏ వాయిదా కట్టకుండా మార్చి 15 కూడా దాటించేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, జులై దాకా ఆగకండి. మార్చి 31 లోపు కట్టిందంతా ఆ ఏటి అడ్వాన్స్ ట్యాక్స్ కిందే లెక్క. వాయిదాలు తప్పినందుకు 234సి వడ్డీ పడుతుంది గానీ, పన్నులో కనీసం 90 శాతం ఆ లోపు చేరితే 234బి అసలు మొదలవదు. చలాన్‌లో అడ్వాన్స్ ట్యాక్స్ అనే ఎంచుకోండి, సెల్ఫ్ అసెస్‌మెంట్ అని కాదు. ఆఖరి రోజు సాయంత్రం దాకా పెట్టుకోకండి, బ్యాంకు సర్వర్లు ఆ రోజు అందరివీ. డబ్బు మొత్తం లేకపోతే ఉన్నంత కట్టండి. కట్టినంత మేరకైనా వడ్డీ తగ్గుతుంది.